రియాక్టర్ ఆగిన తర్వాత కూడా చల్లబరచడం దేనికి? రియాక్టర్ల రకాలు, వాటి శీతలీకరణ

ప్రశ్న

నేను పై తరగతుల విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తాను. కేంద్రక విచ్ఛిత్తి పాఠంలో ఇంధనం, మితకారి, నియంత్రణ కడ్డీలు, శీతలీకరణి అని రియాక్టర్ భాగాలను వరుసగా చెప్పుకుంటూ వచ్చి, శీతలీకరణి దగ్గర "నీరు, భారజలం, ద్రవ సోడియం వంటివి వాడతారు" అన్న ఒక్క వాక్యంతో ముందుకు వెళ్లిపోవడం ఇన్నేళ్లుగా నాకు అలవాటయింది. గత వారం ఒక అమ్మాయి లేచి, "నియంత్రణ కడ్డీలను పూర్తిగా దించేస్తే గొలుసు చర్య ఆగిపోతుంది కదా, మరి ఆగిన రియాక్టర్‌ను ఇంకా చల్లబరచవలసిన పని ఏముంది?" అని అడిగింది. కొంత వేడి మిగిలి ఉంటుందని చెప్పాను గానీ, ఆ జవాబు తనకు చాలలేదని ముఖం చూస్తేనే తెలిసింది. నిజానికి నాకూ చాలలేదు.

ఆ రోజు నుంచి చదవడం మొదలుపెట్టాను, సందేహాలు ఇంకా పెరిగాయి. కొన్ని రియాక్టర్లలో ఒకే నీరు మితకారిగానూ శీతలీకరణిగానూ ఎందుకు పనిచేస్తుంది, భారజల రియాక్టర్లలో ఆ రెంటినీ ఎందుకు వేరుచేశారు? నీటిని మరగనిచ్చి ఆవిరిని నేరుగా టర్బైన్‌కు పంపే వీలున్నప్పుడు, 150 బార్లకు (వాతావరణ పీడనానికి సుమారు 150 రెట్లకు) పైగా పీడనం పెట్టి మరగకుండా అణచి ఉంచడం దేనికి? నీరు తగిలితే భగ్గుమనే సోడియాన్ని, నీటి గొట్టాల పక్కనే ప్రవహింపజేయడానికి ఇంజనీర్లు ఎందుకు సిద్ధపడ్డారు? అణు విద్యుత్ కేంద్రం అనగానే బొమ్మల్లో కనిపించే ఆ పెద్ద నడుము సన్నని గోపురాలు చల్లబరిచేది రియాక్టర్‌నేనా? ఈ రంగంలో పనిచేసినవారు వివరిస్తే, వచ్చే వారం ఆ అమ్మాయికి తృప్తి కలిగేలా చెప్పగలుగుతాను.

మొదటి సమాధానం

రియాక్టర్లలో ఉష్ణ ప్రసరణను లెక్కగట్టడమే నా వృత్తి. మీ విద్యార్థిని అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే రియాక్టర్ల రకాల మధ్య ఉన్న తేడాలన్నీ చివరకు ఆ ప్రశ్న దగ్గరికే వస్తాయి.

యురేనియం కేంద్రకం విచ్ఛిత్తి చెందినప్పుడు ఏర్పడే రెండు ముక్కలూ స్థిరమైనవి కావు. వాటిలో కొన్ని సెకన్లలో, కొన్ని గంటల్లో, అయోడిన్ 131 వంటివి ఎనిమిది రోజుల అర్ధాయుష్షుతో, సీజియం 137 వంటివి ముప్ఫై ఏళ్ల అర్ధాయుష్షుతో విఘటనం చెందుతూ శక్తిని వదులుతూ ఉంటాయి. నియంత్రణ కడ్డీలు న్యూట్రాన్లను పీల్చుకుని గొలుసు చర్యను ఆపగలవు గానీ, అప్పటికే పుట్టి ఉన్న ఈ కేంద్రకాల విఘటనాన్ని ఆపే సాధనం ఏదీ లేదు. ఈ విఘటన ఉష్ణం ఎంతో అంకెల్లో చూస్తేనే విషయం మనసుకెక్కుతుంది. వెయ్యి మెగావాట్ల విద్యుత్తునిచ్చే రియాక్టర్ సుమారు 3,000 మెగావాట్ల వేడిని పుట్టిస్తుంది. కడ్డీలు దిగిన మరుక్షణం అందులో ఆరేడు శాతం, అంటే 200 మెగావాట్లు, ఇంకా పుడుతూనే ఉంటుంది. గంట గడిచేసరికి అది ఒకటిన్నర శాతానికి, ఒక రోజు గడిచేసరికి సుమారు అర శాతానికి దిగుతుంది. అర శాతం అంటే 15 మెగావాట్లు. ఆ వేడిని నీటిని మరిగించి మాత్రమే తీసివేయాలంటే గంటకు సుమారు 21 టన్నుల నీరు ఆవిరి కావాలి, అంటే రియాక్టర్ ఆగి ఒక రోజు గడిచిన తర్వాత కూడా గంట గంటకూ రెండు పెద్ద ట్యాంకర్ల నీరు కావాలన్నమాట. మీ విద్యార్థినికి ఈ లెక్కను బోర్డు మీద చేసి చూపించండి. నీటి గుప్తోష్ణం, విశిష్టోష్ణం తెలిసినవారెవరైనా ఐదు నిమిషాల్లో చేయగలరు.

ఇప్పుడు రకాలకు వద్దాం. ప్రపంచంలో ఎక్కువగా ఉన్నవి పీడన జల రియాక్టర్లు. వాటిలో జరిగేదాన్ని అర్థం చేసుకోవాలంటే ఒక్క ఇంధన కడ్డీని దగ్గరగా చూడాలి. చిటికెన వేలికంటే సన్నగా, తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల వ్యాసంతో ఉండే జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టం అది. దాని గోడ మందం అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. లోపల యురేనియం ఆక్సైడ్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పని జరుగుతున్నప్పుడు బిళ్ల నడిబొడ్డున ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీలు దాటి ఉంటే, అక్కడికి ఐదు మిల్లీమీటర్ల దూరంలో, గొట్టం బయటి గోడ దగ్గర, 350 డిగ్రీల లోపే ఉంటుంది. కడ్డీ పొడవున ప్రతి మీటరు నుంచీ సగటున 17 కిలోవాట్ల వేడి బయటికి వస్తుంది. నీళ్లు కాచుకునే ఇమ్మర్షన్ రాడ్లు పదకొండింటి వేడిని ఒక్క మీటరు సన్నని గొట్టంలోకి దట్టించినట్లు ఊహించుకోండి. ఇలాంటి కడ్డీలు ఒక రియాక్టర్‌లో యాభై వేల దాకా ఉంటాయి, వాటి మధ్య సందుల్లోంచి సెకనుకు పదిహేను టన్నులకు పైగా నీరు పరుగెడుతుంది.

బాగా కాలిన పెనం మీద నీటి చుక్క పడితే అది వెంటనే ఇగిరిపోకుండా తన కింద ఏర్పడిన ఆవిరి పొర మీద తేలుతూ దొర్లడం అందరూ చూసినదే. కడ్డీ గోడ మీద అలాంటి ఆవిరి పొర ఏర్పడితే వేడి నీటిలోకి దిగదు, గోడ క్షణాల్లో ఎర్రబడుతుంది. మా లెక్కల్లో అధిక భాగం ఆ పొర ఏర్పడే స్థితికి ఎంత దూరంలో ఉన్నామన్నది తేల్చడానికే. పీడన జల రియాక్టర్‌లో నీటిని సుమారు 155 బార్ల పీడనంలో ఉంచుతారు. ఆ పీడనం వద్ద నీరు మరగాలంటే 345 డిగ్రీలు కావాలి. లోపలికి వెళ్లే నీరు 290 డిగ్రీల వద్ద, బయటికి వచ్చే నీరు 325 డిగ్రీల వద్ద ఉంటుంది కాబట్టి మరగదు. ఆ వేడి నీరు స్టీమ్ జనరేటర్‌లోని వేలాది సన్నని గొట్టాల గుండా పోతూ, గొట్టాల బయట తక్కువ పీడనంలో ఉన్న వేరే నీటిని ఆవిరిగా మారుస్తుంది. టర్బైన్‌ను తిప్పేది ఆ రెండో నీటి ఆవిరి. రియాక్టర్‌ను తాకిన నీరు భద్రతా భవనం దాటి బయటికి పోదు, దీనికోసమే ఇంత పీడనాన్ని భరించడం. అందుకు చెల్లించే మూల్యం కూడా ఉంది. ఎక్కడైనా పెద్ద గొట్టం పగిలితే అంత పీడనంలో, అంత వేడిగా ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరై బయటికి చిమ్ముతుంది. అందుకే అత్యవసరంగా నీటిని లోపలికి ఎక్కించే వ్యవస్థలు ఒకటికి మూడు పెడతారు.

మరిగే జల రియాక్టర్‌లో పీడనం సుమారు 70 బార్లు మాత్రమే, నీరు రియాక్టర్ పాత్రలోనే 286 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆవిరిని నీటి నుంచి వేరుచేసే పరికరాలు పాత్ర పైభాగాన్ని ఆక్రమిస్తాయి కాబట్టి నియంత్రణ కడ్డీలను కింది నుంచి పైకి తోయాలి. స్టీమ్ జనరేటర్ ఉండదు, ఆవిరి నేరుగా టర్బైన్‌కు పోతుంది. నీటిలోని ఆక్సిజన్ న్యూట్రాన్ల తాకిడికి నైట్రోజన్ 16గా మారి ఆ ఆవిరితోపాటే వెళుతుంది. దాని అర్ధాయుష్షు ఏడు సెకన్లే. యంత్రం నడుస్తున్నంతసేపూ టర్బైన్ హాలుకు కవచపు గోడలు తప్పనిసరి. ఆపిన కొద్ది నిమిషాలకు ఆ నైట్రోజన్ మాయమవుతుంది, ఇంధన కడ్డీలు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం మరమ్మతు సిబ్బంది జాగ్రత్తలతో లోపలికి వెళ్లవచ్చు.

మితకారి, శీతలీకరణి ఒకటేనా వేర్వేరా అన్న మీ సందేహం చాలా ముఖ్యమైనది. మితకారి పని న్యూట్రాన్ల వేగం తగ్గించడం, శీతలీకరణి పని వేడిని మోసుకుపోవడం. పై రెండు రకాల్లోనూ మామూలు నీరే రెండు పనులూ చేస్తుంది. నీరు మరిగి బుడగలు పెరిగితే న్యూట్రాన్లను నెమ్మదింపజేసేది తగ్గి, శక్తి దానంతటదే దిగుతుంది. చెర్నోబిల్‌లోని ఆర్‌బీఎంకే రియాక్టర్‌లో మితకారి గ్రాఫైట్, శీతలీకరణి మామూలు నీరు. అక్కడ నీరు ఆవిరైతే న్యూట్రాన్లను పీల్చుకునేది తగ్గింది గానీ, వాటిని నెమ్మదింపజేసే గ్రాఫైట్ అలాగే ఉండిపోయింది, కాబట్టి శక్తి పెరిగింది. శక్తి పెరిగితే ఇంకా ఆవిరి, ఆవిరితో ఇంకా శక్తి. 1986 ఏప్రిల్ 26న జరిగిన ఘోరానికి ఉన్న కారణాల్లో ఈ అమరిక ముఖ్యమైనది.

భారజల రియాక్టర్‌లోనూ రెండూ వేర్వేరే. సహజ యురేనియంలో విచ్ఛిత్తికి పనికివచ్చే యురేనియం 235 కేవలం 0.7 శాతం కాబట్టి ఒక్క న్యూట్రాన్ కూడా వృథా కాకూడదు. మామూలు హైడ్రోజన్‌తో పోలిస్తే, భారజలంలో దాని స్థానంలో ఉండే డ్యుటీరియం న్యూట్రాన్లను మింగేది వందల రెట్లు తక్కువ. అయితే అది న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది, అందువల్ల చాలా పరిమాణంలో కావాలి. అంత భారజలాన్ని అధిక పీడనంలో ఉంచాలంటే బ్రహ్మాండమైన ఉక్కు పాత్ర పోతపోయాలి. దానికి బదులు కెలాండ్రియా అనే పెద్ద తొట్టిలో మితకారిని పీడనం లేకుండా, 70 డిగ్రీల లోపు చల్లగా ఉంచి, దాని గుండా అడ్డంగా కొన్ని వందల గొట్టాలను దూర్చారు. ఇంధనమూ, సుమారు 100 బార్ల పీడనంలో 300 డిగ్రీలు దాటి ప్రవహించే శీతలీకరణ భారజలమూ ఆ గొట్టాల్లోనే ఉంటాయి. వేడి గొట్టానికీ చల్లని తొట్టికీ మధ్య వాయువు నిండిన సన్నని సందు ఒక్కటే అడ్డం. ఇంకొక మేలు కూడా ఉంది: శీతలీకరణ పూర్తిగా దెబ్బతిన్నా, ప్రతి గొట్టాన్నీ చుట్టుకుని ఉన్న ఆ చల్లని భారజలం కొంతకాలం విఘటన ఉష్ణాన్ని తనలోకి తీసుకుంటుంది. ఈ నిర్మాణంలో నాకు బాగా నచ్చేది అదే.

సోడియం రియాక్టర్ల మీద పనిచేసినవారు ఎవరైనా ఉంటే ఆ భాగం వారు రాయడం మంచిది.

రెండవ సమాధానం

సోడియం వలయాల మీద ప్రయోగశాలలో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి ఆ భాగం నేను రాస్తాను.

సోడియాన్ని ఎందుకు ఎంచుకున్నారన్నదానికి మూలం న్యూట్రాన్లలోనే ఉంది. సోడియంతో చల్లబరిచేది ఫాస్ట్ రియాక్టర్‌ను, అంటే వేగంగా ఉన్న న్యూట్రాన్లతోనే నడిచేదాన్ని, కాబట్టి అందులో న్యూట్రాన్ల వేగం తగ్గకూడదు. నీటిలోని హైడ్రోజన్ ఎక్కడున్నా వేగం తగ్గిస్తుంది కాబట్టి నీరు అక్కడికి రానే కూడదు. పైగా ఆ రియాక్టర్ గర్భం చాలా చిన్నది, లీటరు లీటరుకూ పుట్టే వేడి పీడన జల రియాక్టర్‌లో కంటే కొన్ని రెట్లు ఎక్కువ. అంత వేడిని అంత చిన్న చోటు నుంచి తీయగలిగేది ద్రవ లోహమే. సోడియం ఉష్ణ వాహకత నీటి కంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. 98 డిగ్రీల వద్ద కరుగుతుంది, మామూలు వాతావరణ పీడనంలోనే 883 డిగ్రీల దాకా మరగదు. రియాక్టర్ నుంచి 550 డిగ్రీల దగ్గర బయటికి వచ్చినా మరిగే స్థానానికి ఇంకా మూడు వందల డిగ్రీల ఎడం ఉంటుంది, అది కూడా ఏ పీడనమూ అక్కరలేకుండా. నీటి రియాక్టర్‌లో గొట్టం పగిలితే నీరంతా ఆవిరై పోతుందన్న భయం ఇక్కడ లేదు. లీకైన సోడియం కారుతుంది తప్ప చిమ్మదు.

కానీ అది గాలి తగిలితే మండుతుంది. మొదటిసారి శుభ్రమైన సోడియం దిమ్మను కత్తితో కోసినప్పుడు లోపల వెండిలా మెరిసిన ముఖం, నేను చూస్తుండగానే నిమిషంలోపు బూడిద రంగుకు మారిపోయింది. కిలోలకొద్దీ కరిగిన సోడియం గొట్టాల్లో తిరుగుతున్నప్పుడు ఆ దృశ్యం మనసులోంచి పోదు. పాత్రలో ద్రవం పైన ఎప్పుడూ ఆర్గాన్ వాయువు కప్పి ఉంటుంది. ఒక వలయాన్ని నడపడానికి ముందు గొట్టాల పొడవునా చుట్టిన విద్యుత్ హీటర్లతో అంతటినీ 150 డిగ్రీల పైకి వేడిచేస్తాం, ఎందుకంటే ఒక్క మూల చల్లగా ఉండిపోయినా అక్కడ గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. నీటిలా పారదర్శకం కాదు కాబట్టి లోపల ఏముందో కంటికి కనిపించదు, అల్ట్రాసోనిక్ తరంగాలతో తడుముకుంటూ చూడాలి.

మీరు అడిగిన అసలు సందేహానికి జవాబు మధ్య వలయం. రియాక్టర్‌ను తాకిన సోడియం న్యూట్రాన్లను పీల్చుకుని పదిహేను గంటల అర్ధాయుష్షు గల సోడియం 24గా మారుతుంది. అది నేరుగా నీటి గొట్టాల దగ్గరికి పోతే, అక్కడ సన్నని పగులు ఏర్పడినా రేడియోధార్మిక సోడియం నీటితో కలిసి పేలుతుంది. అందుకని మొదటి సోడియం తన వేడిని రేడియోధార్మికత లేని రెండో సోడియానికి ఇస్తుంది, ఆ రెండోదే నీటి పక్కకు వెళుతుంది. నీరు, సోడియం కలిసే ప్రమాదాన్ని తప్పించలేకపోయినా దాన్ని రియాక్టర్‌కు దూరంగా నెట్టారు. 1995 డిసెంబరులో జపాన్‌లోని మొంజు రియాక్టర్‌లో లీకైనది ఈ రెండో వలయపు సోడియమే. ప్రవాహపు కంపనాలకు ఉష్ణోగ్రత కొలిచే పరికరపు గొట్టం విరిగి సుమారు 640 కిలోల సోడియం కారి మండింది, రేడియోధార్మికత బయటికి రాలేదు. రష్యాలోని బీఎన్-600 మాత్రం 1980 నుంచి విద్యుత్తునిస్తూనే ఉంది. అసలు అణుశక్తితో ఉపయోగపడేంత విద్యుత్తును మొదట పుట్టించినది కూడా ద్రవ లోహపు రియాక్టరే. 1951 డిసెంబరు 20న అమెరికాలోని ఈబీఆర్-1, సోడియం పొటాషియం మిశ్రమంతో చల్లబడుతూ, నాలుగు బల్బులు వెలిగించింది.

మిగిలినవాటిని క్లుప్తంగా చెబుతాను. వాయువుతో చల్లబరిచేవి బ్రిటన్‌లో 1956లో కాల్డర్ హాల్‌తో మొదలయ్యాయి, అక్కడ వాడినది కార్బన్ డయాక్సైడ్. వేడి బాగా పెరిగితే అది గ్రాఫైట్‌తో చర్య జరుపుతుంది కాబట్టి, అంతకంటే వేడిగా నడిచేవాటికి దేనితోనూ కలవని హీలియం ఎంచుకున్నారు. చైనాలోని హెచ్‌టీఆర్-పీఎంలో హీలియం 250 డిగ్రీల వద్ద లోపలికి వెళ్లి 750 డిగ్రీల వద్ద బయటికి వస్తుంది. వాయువు పలచన కాబట్టి దాన్ని కూడా 70 బార్ల పీడనంలో ఉంచాలి. సీసం, బిస్మత్ మిశ్రమాన్ని సోవియట్ జలాంతర్గాముల్లో వాడారు. అది నీటితో గొడవపడదు గానీ ఉక్కును తినేస్తుంది, పైగా బిస్మత్ నుంచి పొలోనియం 210 పుడుతుంది. అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో 1965 నుంచి 1969 వరకు నడిచిన కరిగిన లవణాల రియాక్టర్‌లో ఇంధనమే శీతలీకరణిలో కరిగి ప్రవహించేది. దాని అడుగున ఒక గొట్టంలో గాలి ఊది లవణాన్ని గడ్డకట్టించి బిరడాలా ఉంచేవారు. గాలి ఆగితే బిరడా కరిగి లవణమంతా కింది తొట్లలోకి జారిపోయేది.

మూడవ సమాధానం

గోపురాల గురించి నేను చెబుతాను. నేను బొగ్గు విద్యుత్ కేంద్రంలో కండెన్సర్ల నిర్వహణలో పనిచేసినవాణ్ని, అయితే ఈ విషయంలో బొగ్గు కేంద్రానికీ అణు కేంద్రానికీ తేడా లేదు.

ఆ గోపురాలు రియాక్టర్‌ను చల్లబరచవు, రియాక్టర్‌ను తాకిన నీరు వాటి దగ్గరికి రాదు. టర్బైన్‌ను తిప్పి బయటికి వచ్చిన ఆవిరిని మళ్లీ నీరుగా మార్చేది కండెన్సర్. ఆ కండెన్సర్ గొట్టాల లోపల పారే మరో నీటిని చల్లబరిచేది గోపురం. పైనుంచి లేచే తెల్లని మేఘం ఆ నీటి ఆవిరే. సముద్రపు నీరో నది నీరో సమృద్ధిగా ఉన్నచోట గోపురాలే ఉండవు, నీటిని ఒకసారి కండెన్సర్ గుండా పంపి తిరిగి వదిలేస్తారు. బొగ్గు కేంద్రాలకూ ఇవే గోపురాలు ఉంటాయి కాబట్టి వాటిని అణుశక్తికి గుర్తుగా గీయడం తప్పు.

నీటి రియాక్టర్ల ఆవిరి అంత వేడిది కాదు కాబట్టి వాటి సామర్థ్యం సుమారు 33 శాతం దగ్గర ఆగిపోతుంది. పుట్టిన వేడిలో మూడింట రెండు వంతులు ఈ కండెన్సర్ ద్వారానే బయటికి పోవాలి. వెయ్యి మెగావాట్ల కేంద్రానికి గోపురాలుంటే గంటకు సుమారు రెండున్నర వేల టన్నుల నీరు గాలిలో కలుస్తుంది. అమెరికాలో ఎడారిలో ఉన్న పాలో వర్డే కేంద్రం దగ్గర నదిగానీ సముద్రంగానీ లేదు, అక్కడ నగరాల మురుగునీటిని శుద్ధిచేసి వాడుతున్నారు. 2003 వేసవిలో ఐరోపాలో వడగాడ్పులు వీచినప్పుడు ఫ్రాన్స్‌లో నదులు వేడెక్కి కొన్ని రియాక్టర్ల ఉత్పత్తి తగ్గించవలసి వచ్చింది.

కండెన్సర్‌లో ఆవిరి ఉండే వైపు దాదాపు శూన్యం, వాతావరణ పీడనంలో పదో వంతు కూడా ఉండదు. కాబట్టి గొట్టానికి చిల్లి పడితే ఆవిరి గొట్టంలోకి పోదు, గొట్టంలోని నీరే ఆవిరి వైపుకు దూరుతుంది. అది ఉప్పునీరైతే బాయిలర్‌కు, అణు కేంద్రంలో అయితే స్టీమ్ జనరేటర్‌కు, విషంతో సమానం. ఒకసారి రాత్రి షిఫ్టులో నీటి విద్యుత్ వాహకత కొలిచే మీటరు నెమ్మదిగా పైకి జరగడం మొదలైంది. కండెన్సర్‌లో సగభాగానికి చల్లని నీటిని ఆపి, నీరు ఖాళీచేసి, మూత విప్పి లోపలికి వెళ్లాం. ఎదురుగా తేనెపట్టులా వేల గొట్టాల నోళ్లు. వాటి మీద నురుగు పూసి దీపం పట్టుకుని నిలబడితే, కాసేపటికి ఒక్క నోటి దగ్గర మాత్రం నురుగు గుంటపడి లోపలికి పీల్చుకుపోయింది. ఆ గొట్టానికి రెండు వైపులా బిరడా కొట్టి మూసేశాం. అంత పెద్ద కేంద్రం ఆరోగ్యం అంత సన్నని గోడల మీద నిలబడి ఉంటుందని ఆ రాత్రి నాకు అర్థమైంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. 15 మెగావాట్ల లెక్కను నేనే చేసి చూసుకున్నాను, గంటకు 21 టన్నులే వచ్చింది. ఇక ఒక్క సందేహం మిగిలింది. విఘటన ఉష్ణాన్ని ఆపే దారి లేనప్పుడు, దాన్ని తీసివేసే పంపులు విద్యుత్తు మీద ఆధారపడి ఉన్నప్పుడు, విద్యుత్తే లేకపోతే ఏ రకం రియాక్టర్ పరిస్థితి ఏమిటి? జపాన్‌లోని ఫుకుషిమాలో ప్రమాదం జరిగింది మరిగే జల రియాక్టర్లలో కాబట్టి ఆ రకమే బలహీనమైనదని అనుకోవచ్చా?

మొదటి సమాధానం రాసినవారు

అలా అనుకోవడం సరికాదని నా అభిప్రాయం. 2011 మార్చి 11న భూకంపం రాగానే అక్కడ నడుస్తున్న మూడు రియాక్టర్లూ వాటంతటవే ఆగాయి, బయటి విద్యుత్తు పోగానే డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. సుమారు యాభై నిమిషాల తర్వాత సునామీ వాటిని ముంచింది. అప్పుడు కూడా రెండవ యూనిట్‌లో ఒక పంపు దాదాపు మూడు రోజులు నడిచింది. విఘటన ఉష్ణం పుట్టించిన ఆవిరే చిన్న టర్బైన్‌ను తిప్పి, ఆ టర్బైన్ పంపును నడిపి నీటిని లోపలికి తోసింది. అది ఆగిపోయాక నీటిమట్టం పడిపోయి, కడ్డీలు బయటపడి, జిర్కోనియం ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్‌ను పుట్టించింది. మూడింటిలోనూ ఇంధనం కరిగింది. వేడిని చివరకు ఎక్కడికి పంపాలన్న దారి మూసుకుపోవడమే అక్కడి మూలకారణం. అంతే వయసున్న పీడన జల రియాక్టర్ అక్కడ ఉన్నా, అదే దారి మూసుకుపోతే చాలా తేడా ఉండేది కాదు.

నిజానికి పీడన జల రియాక్టర్‌లోనే 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ ప్రమాదం జరిగింది. అక్కడ విద్యుత్తు ఉంది, పంపులున్నాయి, నీరుంది. పీడనం తగ్గించడానికి తెరుచుకున్న ఒక వాల్వ్ మళ్లీ మూసుకోలేదు. కంట్రోల్ రూములోని దీపం మాత్రం మూసుకోమన్న సంకేతం వెళ్లిందని చెప్పింది తప్ప, వాల్వ్ మూసుకుందో లేదో చెప్పలేదు. పీడనం పడిపోయి రియాక్టర్‌లో నీరు ఆవిరి అవుతుంటే, పీడనాన్ని నిలబెట్టే పాత్ర అయిన ప్రెషరైజర్‌లో మట్టం పైకి చూపించింది. నీరు ఎక్కువైందనుకుని ఆపరేటర్లు అత్యవసర నీటిని తగ్గించారు. ఆ వాల్వ్ దారిని మూసేసరికి రెండు గంటలకు పైగా గడిచింది, ఇంధనంలో దాదాపు సగం కరిగింది. మరగకుండా ఉంచే రియాక్టర్‌లో నీరు మరగడం మొదలైతే, దాన్ని కొలిచే పద్ధతులే మోసం చేస్తాయని ఆ ప్రమాదం నేర్పింది.

విద్యుత్తు లేకుండా చల్లబరచడం అన్న దిశలోనే ఆ తర్వాతి నిర్మాణాలన్నీ నడిచాయి. వేడి నీరు పైకి, చల్లని నీరు కిందికి వెళ్లే సహజ సంవహనం మీ విద్యార్థులకు తెలిసినదే. రియాక్టర్‌ను కిందా, వేడిని తీసుకునే పరికరాన్ని పైనా ఉంచితే పంపు లేకుండానే నీరు తిరుగుతుంది. రష్యా రూపొందించిన పీడన జల రియాక్టర్లైన వీవీఈఆర్‌లలో కొత్తవి కొన్నింటిలో ఆ వేడిని బయటి గాలికే అప్పగించే ఏర్పాటుంది. ద్రవ లోహాలకూ ఇది బాగా కుదురుతుంది. 1986 ఏప్రిల్ 3న, చెర్నోబిల్‌కు ఇరవై మూడు రోజుల ముందు, అమెరికాలోని సోడియం రియాక్టర్ ఈబీఆర్-2లో పూర్తి శక్తి మీద ఉండగా, కడ్డీలు దిగకుండా కట్టడిచేసి, ప్రధాన పంపులను కావాలని ఆపివేశారు. సోడియం వేడెక్కింది, లోహ భాగాలు వ్యాకోచించి న్యూట్రాన్లు బయటికి జారిపోవడం పెరిగింది, శక్తి దానంతటదే పడిపోయింది, సహజ ప్రసరణే మిగిలిన వేడిని తీసుకుపోయింది. అదే రోజు మధ్యాహ్నం వేడి బయటికి పోయే దారిని మూసి ఇంకొక పరీక్ష చేశారు, దాన్నీ తట్టుకుంది. అది చిన్న రియాక్టర్ అన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. పరిమాణం పెరిగేకొద్దీ ఉపరితలంతో పోలిస్తే లోపలి వేడి ఎక్కువవుతుంది, అందుకే హెచ్‌టీఆర్-పీఎం వంటి వాటిని కూడా చిన్న చిన్న రియాక్టర్లుగా విడగొట్టి కట్టారు.

పెద్ద నీటి రియాక్టర్లలో, అమెరికాలో రూపొందిన పీడన జల రియాక్టర్ ఏపీ-1000ను చూడండి. ఉక్కు భద్రతా పాత్ర మీద, భవనం శిఖరాన, పెద్ద నీటి తొట్టి ఉంటుంది. విద్యుత్తు పోతే వాల్వులు తెరుచుకుని ఆ నీరు గురుత్వాకర్షణతో పాత్ర మీదుగా కారుతూ ఇగిరిపోతుంది, లోపలి ఆవిరి ఆ గోడ తగిలి మళ్లీ నీరై కిందికి జారుతుంది. 72 గంటల వరకు ఎవరూ ఏమీ చేయనక్కరలేదు. ఆ మూడు రోజుల్లో విఘటన ఉష్ణం, రియాక్టర్ ఆగిన క్షణంలో ఉన్నదానిలో పదో వంతు కంటే తక్కువకు దిగి ఉంటుంది. అయితే సున్నా కాదు, కాబట్టి నాలుగో రోజుకు ఎవరో ఒకరు ఒక పంపుతో ఆ తొట్టిని మళ్లీ నింపాలి.